రిపోర్ట్ నార్మల్, మరి ఒంట్లో ఎందుకు బాగలేదు? థైరాయిడ్ పరీక్ష వెనక 150 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక రక్తపరీక్ష చరిత్ర చెప్తాను. ఆ పరీక్ష మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు చేయించుకునే ఉంటారు. చివరిదాకా వినండి, ఎందుకంటే ఈ కథలో నేను చేసిన తప్పులు రెండున్నాయి.

మన ఇండ్లల్లో ఇప్పుడొక జీతం లేని ఉద్యోగం పుట్టింది. ల్యాబ్ నుంచి వాట్సాప్‌కి పీడీఎఫ్ వస్తుంది. అమ్మకో అవ్వకో పెద్దనాయనకో అది అర్థం కాదు, మన చేతికిస్తారు. మనం వేలితో పైకీ కిందికీ జరిపి, బోల్డు అక్షరాల్లో ఏమన్నా ఉందా చూసి, "ఏం లేదు, అంతా నార్మలే" అంటాం. నేనూ అట్లే అన్నాను. గోనెగండ్లలో, మా చిన్నమ్మతో.

మా కర్నూలు ఎండలు ఎట్లుంటాయో మీకు తెలుసు. మే నెలలో కూడా చిన్నమ్మ రాత్రిపూట దుప్పటి కప్పుకునేది. జుట్టు పలచబడింది. చర్మం పొడిబారింది. మాట నిదానమైంది. ఒకప్పుడు సుగ్గికి గుంటూరు వైపు పోయి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పత్తి తీసిన మనిషి, నాలుగు జొన్న రొట్టెలు తట్టేలోపు రెండుసార్లు గోడకి ఆనుకుని కూర్చునేది. ఇంట్లోవాళ్లు బద్ధకం అన్నారు. కొందరు దిష్టి అన్నారు. నేను కొంచెం చదువుకున్నవాడిని కదా, థైరాయిడ్ అన్నాను.

ఎమ్మిగనూరుకి తీసుకుపోయి రక్తం ఇప్పించాను. టీఎస్‌హెచ్ 2.6 వచ్చింది. పక్కనే 0.4 నుంచి 4.5 వరకు నార్మల్ అని ఉంది. "ఏం లేదు చిన్నమ్మా, అంతా బాగుంది" అన్నాను. ఆమె ఫోన్ వైపు చూసి, నా వైపు చూసి ఒక్క మాటంది. "అంతా బాగుంటే మరి నాకెందుకు ఇట్లయితాంది అబ్బీ?"

నా దగ్గర జవాబు లేదు. ఈ ఎపిసోడ్ ఆ ప్రశ్నకి జవాబు.

ముందు కొంచెం వెనక్కి పోదాం. అసలు ఈ పరీక్షలేవీ లేనప్పుడు ఈ జబ్బు ఉందని డాక్టర్లకి ఎట్లా తెలిసింది?

1873లో లండన్‌లో విలియం గల్ అనే డాక్టర్ ఐదుగురు ఆడవాళ్ల గురించి రాశాడు. ముఖం ఉబ్బింది, మాట నిదానమైంది, మనిషి చురుకుదనం పోయింది. రక్తంలో ఏం కొలవాలో అప్పటికి ఎవరికీ తెలీదు. ఆయన చేసింది చూడటం, వినటం, రాసిపెట్టటం. 1878లో విలియం ఆర్డ్ అనే ఇంకో డాక్టర్ ఈ జబ్బుకి మిక్సెడీమా అని పేరు పెట్టాడు. 1888లో లండన్ క్లినికల్ సొసైటీ కమిటీ వందకు పైగా రోగుల వివరాలు ఒకచోట చేర్చి, దీనంతటికీ మెడ దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి పనిచేయకపోవడమే కారణమని తేల్చింది.

మూడేళ్లకే మందు దొరికింది. 1891లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో జార్జ్ మర్రే అనే యువ డాక్టర్, గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసాన్ని 46 ఏళ్ల ఒక రోగికి ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. ఆమె కోలుకుంది. మరుసటి ఏడాదే, నోటితో తీసుకున్నా పనిచేస్తుందని వేరే డాక్టర్లు చూపించారు. మర్రే రోగి ఇంకో 28 ఏళ్లు బతికి, 1919లో 74 ఏళ్ల వయసులో చనిపోయింది. ఆ 28 ఏళ్లలో ఆమె మందు కోసం 870కి పైగా గొర్రెల థైరాయిడ్ గ్రంథులు వాడారని మర్రే లెక్క రాశాడు. మా వైపు గొర్రెల మందలు కాసేవాళ్లకి ఈ లెక్క చెప్తే నోరెళ్లబెడతారు.

ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి. జబ్బును కనుక్కున్నదీ, మందు పనిచేస్తోందని తేల్చుకున్నదీ మనిషిని చూసే, మనిషిని అడిగే. నంబర్ తర్వాత వచ్చింది.

మొదట వచ్చిన నంబర్ రక్తంలోది కాదు, ఊపిరిలోది. 1895లో జర్మనీలో మాగ్నస్ లెవీ అనే ఆయన, థైరాయిడ్ ఎక్కువైతే ఒళ్లు ఆక్సిజన్ ఎక్కువ వాడుకుంటుందని, తక్కువైతే తక్కువ వాడుకుంటుందని కనుక్కున్నాడు. దాన్నుంచి ఒక పరీక్ష పుట్టింది. పరగడుపున కదలకుండా పడుకోవాలి, ఎంత ఆక్సిజన్ పీల్చారో యంత్రం కొలుస్తుంది. 20వ శతాబ్దం మొదటి సగమంతా ఇదే పెద్ద పరీక్ష. కానీ భయపడితే నంబర్ పెరుగుతుంది, జ్వరమొస్తే పెరుగుతుంది, తిండి సరిగా లేకపోతే తగ్గుతుంది. థైరాయిడ్‌కి సంబంధం లేని కారణాలతో నంబర్ తగ్గినవాళ్లకి కూడా థైరాయిడ్ మందు రాసిచ్చారు. అంటే నంబర్ చెప్పిందే వేదం అనుకోవడం ఇవాళ్టి జబ్బు కాదు, నూరేళ్ల నాటిది.

ఇప్పుడు మన తెలుగాయన దగ్గరికి వద్దాం. వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివారు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌కి డైరెక్టర్ అయ్యారు, భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్ అయ్యారు. 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో ఆయన బృందం ఒక పెద్ద పరిశోధన మొదలుపెట్టింది. అక్కడ మూడోవంతుకు పైగా జనానికి మెడ దగ్గర థైరాయిడ్ వాపు ఉండేది. గాయిటర్ అంటామే, అది. లోయను మూడు భాగాలు చేశారు. రెండు భాగాలకి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక భాగానికి మామూలు ఉప్పు ఇచ్చారు. కొన్నేళ్లకి అయోడిన్ ఉప్పు తిన్న రెండు చోట్లా వాపులు బాగా తగ్గాయి, మూడోచోట తగ్గలేదు. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇవాళ మన వంటింట్లో ఉప్పు ప్యాకెట్ మీద అయోడిన్ అని ఉండటం వెనక ఈ పని ఉంది.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, కాంగ్రా లోయలో పుట్టిన పిల్లవాడికి మెడ వాపు వింతగా అనిపించే అవకాశం ఉందా? అమ్మకుంది, పక్కింటామెకుంది, బడిలో పిల్లలకుంది. అక్కడి జనాన్నే కొలిచి "నార్మల్ మెడ" ఎంత ఉండాలో రాస్తే ఏమొస్తుంది? నార్మల్ అన్న మాట వినగానే "ఎవరితో పోల్చి?" అని అడగాలి.

మన రిపోర్టులో రేంజ్ కూడా పోలికే. సాధారణంగా ఆరోగ్యంగా ఉన్నవాళ్లని కొంతమందిని తీసుకుని, నంబర్లు వరుసగా పేర్చి, కింద రెండున్నర శాతం, పైన రెండున్నర శాతం వదిలేస్తారు. మధ్యలో ఉన్న 95 శాతమే "నార్మల్". అది గుంపు లెక్క. 2002లో అచ్చయిన ఒక డెన్మార్క్ పరిశోధనలో 16 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ల రక్తం నెలకోసారి చొప్పున ఏడాదిపాటు చూశారు. ఒక్కొక్క మనిషి నంబర్ తిరిగే హద్దు, గుంపు హద్దులో సుమారు సగమే ఉంది. ఇద్దరికీ నార్మలే, కానీ ఇద్దరి నార్మలూ ఒకటి కాదు.

సరే, ఈ టీఎస్‌హెచ్ ఎక్కడినుంచి వచ్చింది? అమెరికాలో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ అనే ఇద్దరు, రక్తంలో అతి సూక్ష్మంగా ఉండే హార్మోన్లని రేడియోధార్మిక పదార్థంతో కొలిచే పద్ధతి కనుక్కున్నారు. దానికే 1977లో యాలోకి నోబెల్ వచ్చింది. బెర్సన్ అప్పటికే చనిపోయాడు. 1960ల మధ్యలో ఈ పద్ధతితో టీఎస్‌హెచ్‌ని కొలవడం మొదలైంది, 1980లలో ఇంకా నిశితమైన పరీక్షలొచ్చాయి. అప్పట్నుంచి థైరాయిడ్ అంటే మొదటి పరీక్ష ఇదే.

అసలు కిటుకు ఏంటంటే, టీఎస్‌హెచ్ థైరాయిడ్ హార్మోన్ కాదు. మెదడు కింద శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది, టీఎస్‌హెచ్ అక్కణ్నుంచి వస్తుంది. పత్తి చేలో మేస్త్రి ఉంటాడు కదా, అట్లా అనుకోండి. కూలీలు నిదానిస్తే మేస్త్రి గట్టిగా అరుస్తాడు. బాగా తీస్తుంటే గొంతు తగ్గిస్తాడు. కూలీ థైరాయిడ్, వాళ్లు తీసే పత్తి టీ4 హార్మోన్, మేస్త్రి అరుపు టీఎస్‌హెచ్. పత్తి కొంచెం తగ్గినా అరుపు బాగా పెరుగుతుంది. అందుకే చేలోకి దిగకుండా గట్టు మీద నిలబడి అరుపు వింటే చాలు, పని ఎట్లా జరుగుతుందో తెలిసిపోతుంది. ఎక్కువమందికి ఈ లెక్క సరిపోతుంది. ఇది మంచి పరీక్ష, అందులో అనుమానం లేదు.

కానీ మేస్త్రికే గొంతు పోతే? ఈ ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు.

ఏడాది తర్వాత మళ్లీ పరీక్ష చేయించాను. మళ్లీ అదే టీఎస్‌హెచ్, మళ్లీ నార్మల్. చిన్నమ్మ ఇంకా నీరసించింది. అప్పుడు నా రెండో తప్పు చేశాను.

ఫోన్‌లో వెతికాను. "రిపోర్ట్ నమ్మొద్దు, లక్షణాలుంటే థైరాయిడే" అనే వీడియోలు కుప్పలు. ఈ ఆలోచనకీ చరిత్ర ఉంది. 1976లో అమెరికాలో బ్రోడా బార్న్స్ అనే డాక్టర్ ఒక పుస్తకం తెచ్చాడు. పొద్దున్నే లేవకముందు చంకలో థర్మామీటర్ పెట్టుకుని, వేడి తక్కువుంటే థైరాయిడ్ తక్కువున్నట్టే అన్నాడు. రిపోర్ట్ నార్మల్ వచ్చి, ఇంట్లో ఎవరూ నమ్మక విసిగిపోయిన వాళ్లకి ఆ మాట ఎంత ఊరటగా ఉంటుందో ఊహించండి. నాకూ ఉంది.

అయితే దీన్ని పరీక్షించినవాళ్లున్నారు. 2001లో గ్లాస్గో డాక్టర్లు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన రాశారు. థైరాయిడ్ లక్షణాలున్నాయి, పరీక్షలన్నీ నార్మల్. అలాంటి 25 మందిని తీసుకున్నారు. 12 వారాలు థైరాక్సిన్, 12 వారాలు ఉత్తుత్తి మాత్ర, ఏది ఎప్పుడిస్తున్నారో వాళ్లకి తెలీదు. ఫలితం? ఉత్తుత్తి మాత్ర కంటే థైరాక్సిన్ ఏమీ మెరుగ్గా పనిచేయలేదు. వాళ్ల బాధ అబద్ధమని దీనర్థం కాదు. దానికి మందు థైరాక్సిన్ కాదని మాత్రమే.

ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నేనేం చేశానంటే, వీధిలో ఒకామె వాడే థైరాక్సిన్ పేరు చూసి, మందుల షాపులో ఒక స్ట్రిప్ కొని చిన్నమ్మకిచ్చాను. "పొద్దున్నే పరగడుపున వేసుకో, అంతా సర్దుకుంటుంది" అన్నాను. ఆమె నన్ను నమ్మింది. చదువుకున్నవాడు చెప్పినాడు కదా అని.

పదో రోజుకి వాంతులు. లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోయింది. బీపీ పడిపోయింది. రాత్రికి రాత్రి కారు మాట్లాడుకుని కోడుమూరు మీదుగా కర్నూలుకి తీసుకుపోయాం. దారి పొడవునా ఆమె తల నా ఒళ్లో ఉంది, జేబులో ఆ స్ట్రిప్ ఉంది.

అక్కడ సెలైన్ పెట్టినాక, పొద్దున్నే ఒక పెద్ద డాక్టరమ్మ వచ్చింది. రిపోర్టులు అడగలేదు. మంచం పక్కన స్టూల్ లాక్కుని కూర్చుంది.

"అమ్మా, నీ ఆఖరి కాన్పు ఎక్కడయింది?"

"ఇంట్లోనే మేడం. ఇరవై ఏండ్లయింది."

"రక్తం బాగా పోయిందా?"

"సాపలన్నీ తడిసిపోయినాయంట. నాకు తెలివి లేదు."

"పాలు పడినాయా?"

"సుక్క పడలేదు. పక్కింటామె తాపింది నా బిడ్డకి."

"ఆ తర్వాత ముట్టు వచ్చిందా?"

చిన్నమ్మ నా వైపు చూసి తల దించుకుంది. "రాలేదు మేడం."

నేను బయటికి వచ్చేశాను. ఇరవై ఏండ్లుగా ఒకే ఇంట్లో తిరిగినవాణ్ని, ఈ నాలుగు మాటలు నాకు ఒక్కటీ తెలీదు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పుకోలేదు.

ఇప్పుడు మేస్త్రి దగ్గరికి వద్దాం. 1937లో హెరాల్డ్ షీహన్ అనే బ్రిటిష్ పాథాలజిస్టు ఒక విషయం వివరించాడు. గర్భంతో ఉన్నప్పుడు పిట్యూటరీ గ్రంథి పెరుగుతుంది, దానికి రక్తం ఎక్కువ కావాలి. కాన్పులో విపరీతంగా రక్తం పోతే ఆ గ్రంథికి రక్తం అందక కొంత భాగం చచ్చిపోతుంది. దాన్నే షీహన్ సిండ్రోమ్ అంటారు. మొదటి గుర్తు, పాలు పడకపోవడం. తర్వాత ముట్టు తిరిగి రాకపోవడం. ఆ తర్వాత ఏళ్ల తరబడి నీరసం, చలి, జుట్టు రాలడం. మెల్లగా కమ్ముకొస్తుంది కాబట్టి కనుక్కునేసరికి పదేళ్లు, ఇరవై ఏళ్లు కూడా పడుతుంది. కాన్పులో రక్తస్రావాన్ని వెంటనే ఆపగలిగే దేశాల్లో ఇది అరుదైపోయింది. ఇంటి కాన్పులు ఎక్కువున్న చోట్ల మిగిలింది.

మేస్త్రికి గొంతు పోయింది. కూలీలకి పురమాయించేవాడు లేడు, పత్తి రావట్లేదు. గట్టు మీద నిలబడి వింటే పెద్ద అరుపేం లేదు, "అంతా బాగుంది" అనిపిస్తుంది. ఈ జబ్బులో టీఎస్‌హెచ్ తక్కువ రావచ్చు, నార్మల్ కూడా రావచ్చు. ఒక్కోసారి రక్తంలో టీఎస్‌హెచ్ ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ దానికి పనిచేసే బలం ఉండదు. చేలోకి దిగి పత్తి తూకం వేస్తేనే, అంటే టీ4 చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. చిన్నమ్మకి ఫ్రీ టీ4 చేస్తే బాగా తక్కువొచ్చింది. ఎమ్మారైలో పిట్యూటరీ ఉండాల్సిన గూడు దాదాపు ఖాళీగా కనిపించింది.

మరి ఆమెకి థైరాక్సిన్ తక్కువే కదా, నేనిచ్చింది అదే కదా, ఎందుకు పడిపోయింది? పిట్యూటరీ థైరాయిడ్‌కి మాత్రమే మేస్త్రి కాదు. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులకి కూడా. అవి కార్టిసాల్ అనే హార్మోన్ చేస్తాయి, బీపీ నిలబడటానికి అది కావాలి. చిన్నమ్మకి అదీ అరకొరగానే ఉంది. థైరాక్సిన్ ఇస్తే ఒళ్లు వేగం పుంజుకుంటుంది, ఉన్న కొంచెం కార్టిసాల్ తొందరగా అయిపోతుంది. కుండలో అడుగున ఉన్న నీళ్లకి మోటారు పెట్టినట్టు. అందుకే ఇలాంటివాళ్లకి ముందు కార్టిసాల్‌కి బదులు మాత్రలిచ్చి, ఆ తర్వాతే థైరాక్సిన్ మొదలుపెడతారు. వరుస తప్పితే ప్రాణం మీదికొస్తుంది. నేను వరుస తప్పించాను.

మొదటిసారి నంబర్ చూసి "నీకేం లేదు" అన్నాను. రెండోసారి నంబర్‌ని విసిరికొట్టి సొంతంగా మాత్రిచ్చాను. రెండుసార్లూ ఆమెని ఏమీ అడగలేదు. రెండు తప్పులకీ మూలం అదే.

ఇక మీకోసం పనికొచ్చే మాటలు. షీహన్ అందరికీ ఉండదు, భయపడొద్దు. రిపోర్ట్ నార్మల్ అంటే ఆ పరీక్ష అడిగిన ఒక్క ప్రశ్నకి "కాదు" అన్నట్టు. మిగతా ప్రశ్నలు మిగిలే ఉన్నాయి.

ఒకటి. టీఎస్‌హెచ్ నార్మల్ వచ్చి లక్షణాలు తగ్గకపోతే, ఫ్రీ టీ4 కూడా చూడాలా అని డాక్టర్‌ని అడగండి. ఇంట్లో ఆడవాళ్లయితే కాన్పు సంగతి, పాలు, ముట్టు సంగతి డాక్టర్‌కి చెప్పనివ్వండి. మీరుంటే సిగ్గుపడతారనిపిస్తే మీరు బయట కూర్చోండి.

రెండు. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు, గమ్మీలు తింటున్నారా? కొన్ని ల్యాబ్ యంత్రాల్లో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఎక్కువగా కనపడొచ్చు. అంటే తేడా ఉన్న రిపోర్ట్ కూడా నార్మల్ లాగా రావచ్చు. 2017లో అమెరికా ఎఫ్‌డీఏ దీనిమీద హెచ్చరిక ఇచ్చింది. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, వాడుతున్న సంగతి డాక్టర్‌కీ ల్యాబ్‌కీ చెప్పాలి.

మూడు. నీరసం, జుట్టు రాలడం, చలి, ఇవన్నీ థైరాయిడ్ సొత్తు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. సగం కంటే ఎక్కువ. బీ12 తక్కువైనా, షుగర్ ఉన్నా, నిద్ర చాలకపోయినా, మనసు కుంగినా ఇవే లక్షణాలు. మనసు కుంగడం కూడా జబ్బే, సాకు కాదు.

నాలుగు. డాక్టర్ దగ్గరికి పోయేముందు ఒక కాగితం మీద రాసుకోండి. ఏం బాధ, ఎప్పట్నుంచి, దానికి ముందు ఏం జరిగింది. గల్ 1873లో చేసింది ఇదే కదా. ఐదు నిమిషాల్లో చెప్పాల్సింది మర్చిపోకుండా ఉంటారు. ఒక డాక్టర్ వినకపోతే ఇంకొకరి దగ్గరికి పోండి. కానీ పక్కింటివాళ్ల మాత్ర, వీడియో చూసి కొన్న మాత్ర, ఎవరికీ ఇవ్వకండి.

చిన్నమ్మ ఇప్పుడు ఎట్లుందని అడుగుతారు. బాగుంది. రోజూ మాత్రలు వేసుకోవాలి, జీవితాంతం. జ్వరమొస్తే స్టెరాయిడ్ మాత్ర డోసు పెంచాలి, ఆ కాగితం ఎప్పుడూ ఆమె సంచిలో ఉంటుంది. ఇరవై ఏండ్లు ఎట్లా పోయినాయో అవి తిరిగి రావు. కానీ పోయిన ఎండాకాలం దుప్పటి లేకుండా మిద్దె మీద పడుకుంది.

ఇప్పటికీ ఆమె రిపోర్ట్ నా ఫోన్‌కే వస్తుంది. ఆమె విషయంలో టీఎస్‌హెచ్‌తో పనిలేదు, మందు సరిపోతోందో లేదో ఫ్రీ టీ4 చూసి చెప్తారు. పీడీఎఫ్ తెరిచే ముందు మాత్రం నేను ఆమెకి ఫోన్ చేస్తాను. "ఎట్లుండావు చిన్నమ్మా?" అంటాను. ఆమె చెప్పిందంతా విన్నాకే రిపోర్ట్ చూస్తాను.

ఈ రాత్రి మీ ఇంట్లో కూడా ఆ మాట ఒకసారి అడిగి చూడండి. ఈ ఎపిసోడ్ ఎవరికైనా పనికొస్తుందనిపిస్తే వాళ్లకి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.